ఇల్లూ, అంగన్‌వాడీ కలిస్తేనే బిడ్డకు తొలి బడి

(ప్రత్యేక వ్యాసం – మహిళాభివృద్ధి, శిశు సంక్షేమం)

పుట్టినది మొదలు ఆరేళ్ళు నిండే వరకు బిడ్డకు ఇద్దరు గురువులు. మొదటి గురువు ఇల్లు. రెండవ గురువు అంగన్‌వాడీ టీచర్. ఒకరికి తెలిసినది మరొకరికి చేరినపుడు బిడ్డ ఎదుగుదల సక్రమంగా సాగుతుంది. ఎవరి దారి వారిదైనపుడు కేంద్రంలో నేర్పినది ఇంటి గడప దగ్గరే ఆగిపోతుంది, ఇంటివారు గమనించినది కేంద్రం దాకా రాదు.

సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం (ఐసీడీఎస్) 1975 అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ప్రారంభమైనది. అది క్రమంగా విస్తరించి దాదాపు 14 లక్షల కేంద్రాల వ్యవస్థగా రూపొందినది. తెలంగాణకు 149 ప్రాజెక్టుల పరిధిలో 35,700, ఆంధ్రప్రదేశ్‌కు 257 ప్రాజెక్టుల పరిధిలో 55,607 అంగన్‌వాడీ కేంద్రాలు మంజూరైనవి. భవనాలు, సరుకులు, సిబ్బంది ఎంత సమకూరినా, ఈ వ్యవస్థ ఫలితం చివరకు టీచరుకు, బిడ్డ కుటుంబానికి మధ్య గల నమ్మకంపైనే ఆధారపడి ఉంటుంది. ఆ నమ్మకం ఏ విధంగా ఏర్పడుతుంది, దానికి చట్టంలోనూ పథకాలలోనూ ఉన్న ఆధారాలేమిటి, క్షేత్రస్థాయిలో ఎదురయ్యే అవరోధాలేమిటి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పేరులోనే పరమార్థం

అంగణం అనగా ముంగిలి. అంగన్‌వాడీ అనే పేరు వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1920లో గిజుభాయి బధేకా భావనగర్‌లో బాలమందిరాన్ని స్థాపించి, భయం, దండన లేని శిశువిద్యకు మన దేశంలో బాట వేశారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ ఆ విద్య పట్టణాలలోని కలిగిన కుటుంబాలకే పరిమితం కారాదని భావించి, 1945లో మహారాష్ట్రలోని బోర్డీ గ్రామంలో గ్రామ బాల శిక్షా కేంద్రాన్ని ప్రారంభించారు. ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్ ఆ కృషిలో పాలుపంచుకున్నారు. పేద, ఆదివాసీ కుటుంబాల పిల్లలు కేంద్రానికి రాలేకపోవడాన్ని గమనించిన వారు కేంద్రాన్నే ఆ వాడల ముంగిళ్ళకు తీసుకువెళ్ళారు. చెట్టు నీడన, తల్లుల కళ్ళ ఎదుట, దొరికిన గింజలు, ఆకులు, గులకరాళ్ళతో పాఠం సాగినది.

పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల ముంగిటికి వెళ్ళాలనే ఈ ఆలోచనలో కుటుంబ భాగస్వామ్యం మొదటి నుంచీ అంతర్భాగం. అది తరువాత జతచేసిన కార్యక్రమం కాదు. నేడు కేంద్రాలు పక్కా భవనాలలోకి మారుతున్నవి. ఇది హర్షణీయమే. అయితే భవనంతోపాటు గోడలు కూడా వస్తాయి. తల్లి తలుపు దగ్గర బిడ్డను దించి, సరుకు తీసుకుని వెనుదిరిగే పరిస్థితి ఏర్పడితే ముంగిలి అన్న మాటకు అర్థం ఉండదు.

చట్టం ఏమి చెబుతున్నది

2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 45వ అధికరణం మారినది. ఆరేళ్ళు పూర్తయ్యే వరకు బాలలందరికీ పూర్వ బాల్య సంరక్షణ, విద్య అందించేందుకు రాజ్యం కృషి చేయాలని అది నిర్దేశిస్తున్నది. 2009 విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్ మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య విషయంలో ప్రభుత్వాలు అవసరమైన ఏర్పాట్లు చేయవచ్చునని పేర్కొన్నది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం గర్భిణులకు, బాలింతలకు, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారాన్ని హక్కుగా గుర్తించినది.

ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న ఇచ్చిన ఉత్తర్వు మరింత ముఖ్యమైనది. ఆరేళ్ళ లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, కేంద్రం లేని గ్రామీణ ప్రాంతాలవారు, మురికివాడల వాసులు కోరిన నాటి నుంచి మూడు నెలలలో అంగన్‌వాడీని ఏర్పాటు చేయాలని న్యాయస్థానం ఆదేశించినది. ఈ ఉత్తర్వు కుటుంబాన్ని లబ్ధిదారుగా మాత్రమే చూడలేదు, కేంద్రాన్ని అడిగి తెచ్చుకోగల హక్కుదారుగా గుర్తించినది.

2013 జాతీయ పూర్వ బాల్య సంరక్షణ, విద్యా విధానం తల్లిదండ్రులతో కలిసి పనిచేయడాన్ని నాణ్యతకు ఒక కొలమానంగా చేర్చినది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయస్సును పునాది దశగా నిర్వచించి, అంగన్‌వాడీలను ఆ దశలో భాగం చేసినది.

కనిపించే సేవలు, కనిపించని సేవలు

ఐసీడీఎస్ ద్వారా ఆరు సేవలు అందుతాయి. అవి అనుబంధ పోషకాహారం, వ్యాధి నిరోధక టీకాలు, ఆరోగ్య పరీక్షలు, వైద్య సేవలకు సిఫారసు, పోషకాహార, ఆరోగ్య విద్య, పూర్వ ప్రాథమిక విద్య. వీటిలో కోడిగుడ్డు, పాలు, బాలామృతం, టీకా కంటికి కనిపిస్తాయి. అందకపోతే కుటుంబం వెంటనే అడుగుతుంది. పూర్వ ప్రాథమిక విద్య అలా కాదు. ఆ రోజు కథ చెప్పలేదనీ, ఆట ఆడించలేదనీ అడిగే తల్లి అరుదు. ఆ కథ వలన, ఆట వలన బిడ్డకు ఏమి ఒనగూరుతుందో ఆమెకు ఎవరూ విడమరచి చెప్పకపోవడమే ఇందుకు కారణం. భాగస్వామ్యానికి అసలైన పరీక్ష ఇక్కడే ఉన్నది.

దారానికి పూసలు గుచ్చే బిడ్డ వేళ్ళకు రేపు పెన్సిల్ పట్టే పట్టు వస్తుంది. చింతగింజలను పెద్దవి, చిన్నవిగా వేరుచేసే బిడ్డకు లెక్కలకు మూలమైన పోలిక, వర్గీకరణ అలవడుతాయి. కథ విని, తరువాత ఏమైందని అడిగే బిడ్డ చదువుకు కావలసిన భాషను కూడబెట్టుకుంటున్నది. ఈ సంగతులు టీచరుకు శిక్షణలో చెబుతారు. అదే సంగతి తల్లికి చేరనపుడు, పలకపై అక్షరాలు దిద్దని బడి ఆమెకు బడిలా కనిపించదు.

మూడేళ్ళ మలుపు

దీని పర్యవసానం మూడేళ్ళ వయస్సులో బయటపడుతుంది. బాలామృతం తీసుకున్నంత కాలం కేంద్రంతో సంబంధం ఉన్న కుటుంబాలలో అనేకం, బిడ్డకు మూడు, నాలుగేళ్ళు రాగానే ప్రైవేటు పాఠశాలలో నర్సరీకో, ఎల్‌కేజీకో పంపుతున్నవి. కూలి డబ్బులలో నుంచి ఫీజు, వ్యాను ఖర్చు భరించడానికీ సిద్ధపడుతున్నవి. బిడ్డ బాగుపడాలనే ఆరాటమే దీనికి మూలం. ఆ ఆరాటాన్ని తప్పుపట్టవలసిన పని లేదు.

అయితే ఆ ఖర్చుకు తగిన ఫలితం ఉన్నదా అనే ప్రశ్నకు ఢిల్లీలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయానికి చెందిన పూర్వ బాల్య విద్యా కేంద్రం, అసర్ సెంటర్ కలిసి నిర్వహించిన అధ్యయనం కొంత సమాధానం ఇచ్చినది. అస్సాం, రాజస్థాన్, తెలంగాణలలో సుమారు 14,000 మంది పిల్లలను నాలుగేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వయస్సు వరకు పరిశీలించి, 2017లో నివేదిక వెలువరించారు. అంగన్‌వాడీలలో గానీ, ప్రైవేటు పూర్వ ప్రాథమిక తరగతులలో గానీ అత్యధిక చోట్ల పిల్లల వయస్సుకు తగిన బోధన జరగడం లేదని, ఒకటవ తరగతిలో చేరేనాటికి చాలామందిలో తగిన సంసిద్ధత కనిపించడం లేదని ఆ నివేదిక తెలిపినది. బెంచీపై గంటల తరబడి కూర్చోబెట్టి అక్షరాలు రాయించడం ఆ వయస్సుకు తగిన చదువు కాదు. ఆహారం పెట్టి ఊరకుండటమూ చదువు కాదు. ఈ రెండింటికీ మధ్యనున్న మేలైన దారిని తల్లిదండ్రులు కళ్ళారా చూసినపుడే వారి నిర్ణయం మారుతుంది. 2024లో తెలంగాణలో చేపట్టిన ‘అమ్మ మాట – అంగన్‌వాడీ బాట’ వంటి నమోదు కార్యక్రమాలు కుటుంబాన్ని కేంద్రం వరకు తీసుకురాగలవు. బిడ్డను అక్కడ నిలిపేది మాత్రం నిత్యం జరిగే బోధన, దానిని గురించి టీచరు చెప్పే మాట.

గడప దాటి వెళ్ళినపుడు

మూడేళ్ళ లోపు బిడ్డ కేంద్రానికి రాదు. ఆ వయస్సులో టీచరు పని ఇంటి సందర్శనతోనే సాగుతుంది. ఈ సందర్శనల ప్రభావాన్ని తెలిపే పరిశోధన తెలుగు నేలపైనే జరిగినది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ జిల్లాలోని 60 గ్రామాలలో పసిబిడ్డల తల్లులపై అధ్యయనం జరిపి, ఫలితాలను 2013లో ప్రచురించారు. కొన్ని గ్రామాలలో ఐసీడీఎస్ సేవలు యథావిధిగా సాగినవి. మరికొన్ని గ్రామాలలో శిక్షణ పొందిన గ్రామీణ మహిళలు ఇంటింటికీ వెళ్ళి అనుబంధ ఆహారం గురించి తల్లులకు చెప్పారు. మిగిలిన గ్రామాలలో ఆహారంతోపాటు బిడ్డ ఆకలి సూచనలను గుర్తించి ఓపికగా తినిపించడం, బిడ్డతో ఆడుకోవడం కూడా నేర్పారు. బిడ్డలకు మూడు నెలల వయస్సు నుంచి పదిహేను నెలలు వచ్చే వరకు ఈ సందర్శనలు సాగినవి. ఆట, ఓపిక కూడా నేర్పిన గ్రామాలలోని బిడ్డలు, సేవలు యథావిధిగా సాగిన గ్రామాల బిడ్డలకంటే మానసిక వికాసంలో మెరుగ్గా ఉన్నట్లు తేలినది.

ఇటువంటి కృషి ఫలితం ఎంతకాలం నిలుస్తుందో జమైకా అనుభవం తెలుపుతుంది. కింగ్‌స్టన్ నగరంలో 1986–87లో ఎదుగుదల లోపించిన 129 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం ప్రారంభమైనది. వారిలో కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళపాటు వారానికొకసారి వెళ్ళి, బిడ్డతో ఆడే తీరును తల్లులకు చూపారు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ పిల్లల సంపాదన, సందర్శన లేని వారికంటే 25 శాతం ఎక్కువగా ఉన్నట్లు 2014లో వెల్లడైనది.

సందర్శనలో ఖరీదైన బొమ్మల అవసరం లేదు. బియ్యం కొలిచే శోల, తవ్వలతో ఎక్కువ, తక్కువ అనే తేడా తెలుస్తుంది. చేటలో పప్పు ఏరుతున్న తల్లి పక్కన కూర్చున్న బిడ్డకు రంగులు, ఆకారాలు పరిచయమవుతాయి. దాగుడుమూతలు, చెమ్మచెక్క, గుజ్జనగూళ్ళు ప్రతి ఇంటికీ తెలిసినవే. తల్లి చేస్తున్న పనిలోనే పాఠం ఉన్నదని చూపించి, ఆ పని చేస్తూ బిడ్డతో మాట్లాడమని చెప్పడమే సందర్శన సారాంశం. 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ విడుదల చేసిన ‘నవచేతన’ చట్రం మూడేళ్ళ లోపు పిల్లలకు, ‘ఆధారశిల’ పాఠ్య ప్రణాళిక మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఇటువంటి కృత్యాలనే సూచిస్తున్నవి.

కలుసుకునే వేదికలు

నెలకొకసారి కేంద్రంలో నిర్వహించే పూర్వ బాల్య విద్యా దినం (ఈసీసీఈ డే) తల్లిదండ్రులు పిల్లల పనిని స్వయంగా చూసేందుకు ఉద్దేశించినది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార దినాన ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచర్ ఒకేచోట అందుబాటులో ఉంటారు. 2018లో ప్రారంభమైన పోషణ్ అభియాన్‌లో భాగంగా సీమంతం, అన్నప్రాశన, బిడ్డను బడిలో చేర్చే వేడుక వంటివి సామాజిక కార్యక్రమాలుగా జరుపుతున్నారు. ఇంటి ఆచారాన్ని కేంద్రంలో వేడుకగా జరపడం వలన కుటుంబం మొత్తం అక్కడికి వస్తుంది. 2011లో కేంద్ర ప్రభుత్వం నిర్దేశించిన అంగన్‌వాడీ స్థాయి పర్యవేక్షణ, సహాయక కమిటీలో తల్లులకు స్థానం ఉన్నది.

వీటన్నింటికంటే సహజమైన వేదిక భోజనం. తెలంగాణలో 2015 జనవరి 1న ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకం, అంతకు ముందు 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన అమృతహస్తం గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే ఒకపూట పూర్తి భోజనం పెట్టే పద్ధతిని తెచ్చినవి. తల్లులు కలిసి కూర్చుని తినే ఆ అరగంటలో సాగే సంభాషణ ఏ సమావేశంలోనూ సాధ్యం కాదు. 2020లో కరోనా కారణంగా సరుకులు ఇళ్ళకే చేర్చవలసి వచ్చినపుడు ఆహారం అందినది కానీ ఆ సంభాషణ ఆగినది. దూరం నుంచి రాలేని తల్లికి ఇంటికిచ్చే సరుకు సౌకర్యమే. అయితే ఆ పద్ధతి అమలయ్యే చోట ఇంటి సందర్శనలు పెరగాలి. లేనిపక్షంలో కేంద్రానికి, ఇంటికి మధ్య మిగిలేది సంతకం ఒక్కటే.

ఇల్లు చెప్పవలసిన మాట

భాగస్వామ్యం అంటే టీచరు చెప్పడం, తల్లి వినడం మాత్రమే కాదు. బిడ్డ పేరు పెట్టి పిలిచినపుడు తిరిగి చూడటం లేదనీ, ఏడాదిన్నర దాటినా అడుగు వేయలేదనీ మొదట గమనించేది ఇంటివారే. ఆ మాట టీచరుకు చేరితే, 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ద్వారా జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపే అవకాశం ఉన్నది. నెమ్మదిగా వస్తుందిలే అని ఊరుకుంటే విలువైన కాలం గడిచిపోతుంది.

ఎదుగుదల పట్టిక కూడా ఉభయుల ఆస్తి. 2008 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం బరువు నమోదు చేస్తున్నారు. తల్లీబిడ్డల సంరక్షణ కార్డులోని గీత పైకి పోతున్నదా, నిలిచిపోయిందా అన్నది చదువురాని తల్లి కూడా చూసి గ్రహించగలదు. బరువు నమోదు చేసి కార్డు మూసివేయడానికీ, గీతను తల్లికి చూపి ఈ నెలలో జ్వరం వచ్చినదా, తిండి తగ్గినదా అని అడగడానికీ ఎంతో వ్యత్యాసం ఉన్నది. మొదటి దానితో రికార్డు పూర్తవుతుంది, రెండవ దానితో బిడ్డ కోలుకుంటుంది.

భాష మరొక ముఖ్యాంశం. గోండి, కోయ, కొలామి, సవర, కువి, లంబాడీ మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చే బిడ్డకు తెలుగు కొత్త భాష. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభించడానికి ఇదే కారణం. అంగన్‌వాడీ స్థాయిలో ఈ అవసరం మరింత ఎక్కువ. గూడెంలోని అవ్వ వారానికొకసారి వచ్చి తమ భాషలో కథ చెబితే, బిడ్డకు ధైర్యం, టీచరుకు నాలుగు మాటలు లభిస్తాయి. తమ భాషకు బడిలో చోటున్నదని కుటుంబం గ్రహిస్తుంది.

తండ్రులు, అవ్వాతాతలు

సమావేశాలన్నీ తల్లుల పేరుతోనే జరుగుతున్నవి. తల్లి కూలికి, ఫ్యాక్టరీకి వెళ్ళిన ఇళ్ళలో బిడ్డను తీసుకువచ్చేది నాయనమ్మో, అమ్మమ్మో. బిడ్డకు ఏమి తినిపించాలో నిర్ణయించేదీ అనేక ఇళ్ళలో వారే. వారితో మాట్లాడకుండా తల్లికి మాత్రమే సలహా ఇస్తే అది అమలుకాదు. బిడ్డను ఏ బడిలో చేర్చాలనే నిర్ణయంలో తండ్రి మాట ప్రధానం. పోషణ్ అభియాన్ సామాజిక కార్యక్రమాలలో తండ్రుల కోసం ప్రత్యేక దినాన్ని చేర్చడం ఈ లోటును గుర్తించినందుననే. సాయంత్రం వేళ, పని ముగిసిన తరువాత జరిపే సమావేశానికే తండ్రులు రాగలరు.

అవరోధాలు

నాట్లు, కలుపు, పత్తితీత కాలంలో తల్లికి పగటిపూట ఒక గంట అంటే కూలిలో కోత. సమావేశానికి రాలేదని ఆమెను నిర్లక్ష్యపరురాలిగా భావించరాదు. వలసపోయే కుటుంబాల పిల్లలు ఏడాదిలో కొన్ని నెలలు ఏ కేంద్రం జాబితాలోనూ ఉండకపోవచ్చు. కేంద్రం ఊరిలో ఒక వాడకు దూరంగా, మరొక వాడకు దగ్గరగా ఉంటే దూరపు వాడ పిల్లలు తగ్గిపోతారు. ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నింటిలో వీలైనంత త్వరగా కేంద్రాలు ఏర్పాటు చేయాలని 2004 అక్టోబర్ 7న సుప్రీంకోర్టు చెప్పిన మాట ఈ సందర్భంలో గమనార్హం.

టీచరు వైపు నుంచీ ఇబ్బందులున్నవి. సరుకుల లెక్క, రిజిస్టర్లు, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు, ఇతర శాఖల సర్వేలు ఆమె సమయాన్ని తీసుకుంటున్నవి. బిడ్డలతో, తల్లులతో గడపవలసిన సమయమే ముందుగా తగ్గుతుంది, ఎందుకంటే దానికి నివేదిక అడిగేవారు లేరు. భాగస్వామ్యం కోరే యంత్రాంగం ముందుగా టీచరుకు దానికై సమయం కేటాయించవలసి ఉన్నది.

పరిశీలనలో గమనించదగిన అంశాలు

కేంద్రాన్ని సందర్శించే అధికారులు, పాత్రికేయులు హాజరుపట్టికతోపాటు ఈ క్రింది అంశాలను పరిశీలించవచ్చును.

1. ఈ నెలలో బిడ్డ ఏమి నేర్చుకున్నదో తల్లి లేదా అవ్వ చెప్పగలుగుతున్నారా?

2. ఇటీవల ఇంటివారు చెప్పిన మాట వలన టీచరు తన పద్ధతిలో మార్చుకున్న అంశం ఏదైనా ఉన్నదా?

3. బరువు పెరగని బిడ్డ ఇంటికి టీచరు ఎన్నిసార్లు వెళ్ళారు? ఆ సంగతి ఇంటివారు ధ్రువీకరిస్తున్నారా?

4. సమావేశ వేళ ఎవరి సౌకర్యం ప్రకారం నిర్ణయమైనది?

5. మూడేళ్ళు దాటి కేంద్రం మానిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి కారణం అడిగారా?

6. ఇంటి భాష వేరైన బిడ్డలతో కేంద్రంలో ఎవరు, ఏ భాషలో మాట్లాడుతున్నారు?

ఈ ప్రశ్నలకు వచ్చే సమాధానాలు ఫొటోలలో, సంతకాలలో లభించవు. ఇంటి ముంగిట నిలబడి అడిగితేనే లభిస్తాయి.

బాల్యంలో తొలి ఆరేళ్ళు తిరిగి రావు. ఆ కాలంలో బిడ్డ మెలకువగా ఉండే వేళలో అధిక భాగం ఇంటిలోనే గడుస్తుంది. కేంద్రంలో గడిపే కొద్ది గంటలు ఆ మిగిలిన గంటలను కూడా వెలిగించగలిగినపుడే ప్రజాధనానికి, టీచరు శ్రమకు సార్థకత. ఎనభై ఏళ్ళ క్రితం బోర్డీలో బడి ముంగిటికి వెళ్ళినది. నేడు ముంగిలి బడిలోకి రావాలి. అందుకు టీచరు గడప దాటి వెళ్ళడం, తల్లి గడప దాటి లోపలికి రావడం రెండూ అవసరం.